రైజెన్ 5 3600: ఓవర్‌క్లాక్ (కంపెనీ ఇచ్చిన వేగం కన్నా పైకి లాగడం) కోసం కూలర్ కొనడం దండగా?

ఒంగోలు, ఏసీ లేని గది, రోహిణి కార్తె. మధ్యాహ్నం గదిలోనే 37 డిగ్రీలు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, దాంతో వచ్చిన స్టెల్త్ కూలరే, బీ450 బోర్డు, 8+8 జీబీ 3200 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు), 144 హెర్ట్జ్ మానిటర్.

ఆడే గేమ్ కౌంటర్ స్ట్రైక్ 2, 1080పీ, లో సెట్టింగ్స్. పొగ బాంబులు పడి అందరూ ఒకచోట చేరితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 110కి పడిపోతోంది. ఆ క్షణంలో జీపీయూ వాడకం 60 శాతం దాటదు, అంటే అడ్డు ప్రాసెసర్ దగ్గరే.

ర్యామ్ ఇన్నాళ్లూ 2400లోనే నడుస్తోందని చూసి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేశా. 95 కాస్తా ఆ 110 అయింది దీనివల్లే. పీబీఓతో (ప్రాసెసర్ తనంతట తానే ఎక్కువ కరెంటు తీసుకుని వేగం పెంచుకోనిచ్చే సెట్టింగ్) ఎఫ్‌పీఎస్ కదల్లేదు, వేడి మాత్రం 6 డిగ్రీలు పెరిగింది. తర్వాత బయోస్‌లో ఆల్ కోర్ 4.2 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు పెడితే సినీబెంచ్‌లో (ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ పెట్టే టెస్ట్) 4 నిమిషాలకే 94 డిగ్రీలు (ఈ చిప్ హద్దు 95). 9వ నిమిషంలో నీలి తెర కూడా రాకుండా నేరుగా రీస్టార్ట్. ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18, అంటే హార్డ్‌వేర్ ఎర్రర్. 4.1, 1.25 వోల్టుల దగ్గర నిలబడింది గానీ గేమ్‌లో పెరిగింది 3 ఎఫ్‌పీఎస్సే. ఒకటి రెండు కోర్ల మీద స్టాక్‌లోనే (కంపెనీ సెట్టింగ్స్‌లోనే) 4.2 దాకా వెళ్లే చిప్ కదా, అందులో వింతేం లేదు. పేస్ట్ మార్చా. పక్క ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే 4 డిగ్రీలు తగ్గింది, దుమ్ము మాత్రం బోలెడు. 1.325 దాటి వోల్టేజీ ఇవ్వను.

2 వేల రూపాయల టవర్ కూలర్ వేసి 4.2 నిలబెట్టడమా, ప్రాసెసర్‌ని స్టాక్‌లో వదిలేసి ర్యామ్‌ను 3600కి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ను (ప్రాసెసర్ లోపలి భాగాల్ని, ర్యామ్‌ని కలిపే దారి) 1800కి లాగడమా, ఆ 110ని నిజంగా పైకి లేపేది ఏది?