ఆరోగ్యశ్రీని బీమా కంపెనీ చేతికిస్తే మనవాళ్లకు మేలేనా? చెన్నైలో ఉన్నవాళ్లు చెప్పండి

పెరంబూరు నెల్లూరోడు:

మా నాయన నాయుడుపేట దగ్గర పల్లెలో ఉంటారు. ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పుడు ఒకటే ప్రశ్న: "కార్డు ఇంక చెల్లుద్దా, లేదా?" 2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఒప్పుకుంది కదా, అప్పటి నుంచీ ఊళ్లో అందరికీ ఈ టెన్షనే. ఇంతకాలం ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డబ్బు ప్రభుత్వ ట్రస్టే ఆసుపత్రులకు కట్టేది. కొత్త పద్ధతిలో ఏడాదికి రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ చూస్తుంది, అది దాటితే పేద కుటుంబాలకు రూ.25 లక్షల దాకా ట్రస్టు భరిస్తుంది.

బీమానా ట్రస్టా అన్నది నాకు రెండో సంగతి. సర్కారు ఆసుపత్రిని పక్కన పెట్టి ప్రైవేటు బిల్లులు కట్టుకుంటూ పోతే, ఎవరి చేతుల మీదుగా కట్టినా ఖర్చు ఆగదు. ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తాను.

రెండేళ్ల కిందట నాయన మనవరాలి పుట్టినరోజుకు మా ఇంటికి వచ్చారు. ఆ రాత్రే గుండెనొప్పి. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తాం. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ చెల్లుతుందని తెలుసు, అందుకే కార్డు చేతిలో పట్టుకునే వెళ్లాను. కౌంటర్లో "ఇక్కడ దీనికి ఆ కార్డు లేదు, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. ఆ టైములో వేరే ఆసుపత్రి వెతుక్కుంటూ తిరగ్గలమా? మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి. రెండు స్టెంట్లు, మొత్తం రూ.2.8 లక్షలు. మందు పూసిన స్టెంట్ ధరకు 2017 ఫిబ్రవరిలోనే కేంద్రం దాదాపు రూ.30 వేల దగ్గర గీత గీసింది. ఆ లెక్కన బిల్లులో స్టెంట్ల వాటా చిన్నదే. మిగిలిందంతా గది, ల్యాబు, డాక్టర్ల ఫీజులు, ఇంకా నాకు అర్థంకాని పది పద్దులు.

ఆ దెబ్బ ఒక్కసారితో పోయింది. బిళ్లల ఖర్చు మాత్రం పోలేదు, నెలకు రూ.2,300. ఆరు నెలలు కట్టాక పక్కింటి తమిళావిడ మా ఆవిడతో "జీహెచ్‌కి తీసుకెళ్లండి" అంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉండే రాజీవ్‌గాంధీ జనరల్ ఆసుపత్రి. పొద్దున ఏడింటికే వెళ్లాం, మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఓపీ చీటీ రాసేటప్పుడు ఏ రాష్ట్రం కార్డని అడగలేదు. ఎకో తీశారు, నెలకు సరిపడా బిళ్లలు చేతిలో పెట్టారు. పైసా తీసుకోలేదు.

తమిళనాడుకు ఇది ఊరికే రాలేదు. 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టుకున్నారు. అన్నిటికీ కలిపి టోకున కొంటారు, జిల్లా గోదాములకు పంపుతారు. ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్కు ఉంటుంది, అందులో ఉన్న డబ్బు మేరకు ఏ మందు కావాలో వాళ్లే తెప్పించుకుంటారు. మన నాయకులు తమిళనాడు నుంచి నేర్చుకోవాల్సింది ఇదీ.

కౌంటర్ అవతలి మనిషి:

నేను చెన్నైలో ఒక ఆసుపత్రిలో క్లెయిముల సెక్షన్లో పనిచేస్తున్నాను. అన్నా, మీకు జరిగింది తప్పే. కానీ మా వైపు సంగతి కూడా వినండి. ప్యాకేజీ రేటు, అంటే ఒక్కో చికిత్సకు మొత్తంగా ఇచ్చే డబ్బు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఆపరేషన్ మేం చేస్తాం, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. 2025 అక్టోబరులో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపింది బకాయిల కోసమే కదా. ట్రస్టు ఖజానా మీద ఆధారపడుతుంది, ఖజానాలో లేకపోతే ఫైలు కదలదు. బీమా అయితే ప్రీమియం ముందే కట్టాలి, క్లెయిముకు గడువు ఉంటుంది. మీరు మెచ్చుకుంటున్న తమిళనాడులో ముఖ్యమంత్రి బీమా పథకం నడుస్తున్నది కూడా బీమా కంపెనీతోనే, యునైటెడ్ ఇండియాతో.

ఇంకోటి, దొంగ బిల్లులు. కేంద్రం నడిపే ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ మీద 2023లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక ప్రకారం, 9999999999 అనే ఒక్క ఫోన్ నంబరు మీదే దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదయ్యారు. సొంత డబ్బు పోతుందంటే కంపెనీ ఇలాంటివి ముందే పట్టుకుంటుంది.

సూళ్లూరుపేట కోడలు, వ్యాసర్‌పాడి:

మా పాపకు గుండెలో రంధ్రం. 2009లో ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, అప్పటికి దానికి మూడేళ్లు. మేం కూలి చేసుకునేవాళ్లం. ఆ కార్డే లేకపోతే ఇవాళ అది డిగ్రీ చదివేదే కాదు. పెరంబూరు అన్నా, సర్కారు ఆసుపత్రి బాగుపడేదాకా బిడ్డ గుండె ఆగుతుందా? కార్డు వద్దని మాత్రం అనకండి.

కౌంటర్ తమ్ముడికి కూడా ఒక మాట. కంపెనీ దొంగల్ని పట్టుకుంటుంది సరే, నిజమైన రోగిని కూడా దొంగలాగే చూస్తుంది. మా ఆయన పనిచేసే చోట పాలసీ ఉంది. ఆయనకు డెంగీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే "చేరాల్సినంత జబ్బు కాదు" అని క్లెయిము కొట్టేశారు. ఆయనకు చదువొచ్చు, మెయిల్ మీద మెయిల్ పెట్టి సగం తెచ్చుకున్నారు. మా అత్తకు సంతకమే రాదు. ఆమె ఎవరికి మెయిల్ పెట్టాలి?

ఆవడి రిటైర్డ్:

పేదలకు కార్డుంది, ఉన్నోళ్లకు డబ్బుంది. మా పెన్షనుదారులకు సొంత పాలసీయే గతి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, సంతోషం. కానీ వయసు పేరు చెప్పి ప్రీమియం పెంచితే ఆ తగ్గింపు ఎక్కడ కనపడుతుంది?

ప్రభుత్వం ఏం చేయలేదని నేననను. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4 శాతం. పెద్ద మార్పే. కానీ 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 కల్లా ప్రభుత్వ వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని రాసుకున్నారు. 2021-22లో అది 1.84. అన్ని కుటుంబాలకూ ప్రీమియం కట్టాలంటే డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? ఆసుపత్రులకు వెళ్లాల్సిన దాంట్లోంచి తీస్తారేమో అన్నదే నా భయం.

పెరంబూరు నెల్లూరోడు:

అమ్మా, పాప సంగతి చదివి కళ్లు చెమర్చాయి. కార్డు తీసేయాలని నేను అనలేదు, అలా వినిపించి ఉంటే నా రాత తప్పు. పెద్ద ఆపరేషన్‌కు కార్డు ఉండాల్సిందే. మీ అత్తగారి గురించి అడిగారే, దానికి నా దగ్గర జవాబు లేదు. కంపెనీ కాదన్నప్పుడు రోగి తరఫున అడిగే మనిషి ఆసుపత్రిలోనే ఉండాలి. ఆసుపత్రుల్లో కార్డు రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్రలు ఉన్నారు గానీ, కంపెనీ నిర్ణయాన్ని ప్రశ్నించే అధికారం కూడా వాళ్లకివ్వాలి.

కౌంటర్ తమ్ముడూ, యునైటెడ్ ఇండియా మాట నిజమే. కానీ ఇక్కడ ఆ పథకం కింద జీహెచ్, స్టాన్లీ లాంటి సర్కారు ఆసుపత్రుల్లోనూ చికిత్స చేస్తారు, ఆ క్లెయిము డబ్బు వాటికే వస్తుంది. దాంతో పరికరాలు కొనుక్కుంటారు. అంటే బీమా సొమ్ములో కొంత తిరిగి సర్కారు ఆసుపత్రికే చేరుతుంది. ప్రైవేటువాళ్లు రేటు చాలదని తలుపులు మూసినా రోగి వెళ్లడానికి ఒక చోటుంటుంది. ఆంధ్రలో బకాయిల గొడవ వచ్చినప్పుడల్లా జనం ఎందుకు అల్లాడుతున్నారు? రెండో తలుపు గట్టిగా లేకే. ఆవడి సారు చెప్పిన 2.5 శాతంలో ముందు రూపాయి ఆ తలుపుకు పెట్టమనే నేను అడుగుతున్నాను. నెల్లూరు, తిరుపతి పెద్దాసుపత్రుల్లో రాత్రి రెండింటికి కూడా స్టెంట్ వేసే డాక్టరు ఉండాలి.

ఎన్నూరు:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా అమ్మను కావలి నుంచి తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. షుగరు, బీపీ. తమిళనాడు రేషన్ కార్డు లేదు. జీహెచ్‌లో నిజంగా చూస్తారా?

పెరంబూరు నెల్లూరోడు:

ఓపీకి చూస్తారు తమ్ముడూ, నాయనకు చూశారు కదా. రేషన్ కార్డు, ఆదాయ సర్టిఫికెట్ కావాల్సింది ఇక్కడి బీమా పథకంలో చేరడానికి. ఆధార్, పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న బిళ్లల అట్టలు తీసుకెళ్లు. పరగడుపున రక్తం తీయొచ్చు, టిఫిను డబ్బాలో పెట్టుకుని వెళ్లండి. స్టాన్లీ మీకు ఇంకా దగ్గర. సోమవారం మాత్రం వద్దు, మేం వెళ్లిన సోమవారం కాలు పెట్టే చోటు లేదు.