తిరుపతిలో ఒక్క సాయంత్రం ఖాళీ ఉంది, నాన్నతో పిల్లలతో ఎటు నడవొచ్చు?

ప్రశ్న (విజయనగరం నుంచి)

వచ్చే వారం మేం ఆరుగురం తిరుపతి వస్తున్నాం. అమ్మానాన్న, మేమిద్దరం, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. దర్శనం మర్నాడు ఉదయం, కాబట్టి దిగిన రోజు సాయంత్రమంతా ఖాళీ. గది రైల్వే స్టేషన్ ఎదురుగానే. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు వచ్చినా రైలు దిగడం, బస్సెక్కి కొండకి పోవడం, దర్శనం కాగానే మళ్లీ రైలెక్కడం, ఇంతే. కింద ఊరు ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. కారు మాట్లాడుకుని నాలుగైదు గుళ్లు చుట్టేద్దామని మా ఆయన అంటున్నారు. నాకేమో నడవాలని ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అరగంట నడిస్తే కాసేపు కూర్చోవాలి. అక్కడివాళ్లెవరైనా చెప్పండి.

జవాబు (తిరుపతి)

స్టేషన్ ఎదురుగా గది పెట్టుకుని కారెందుకక్కా? బయటికొస్తే గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురం కనిపిస్తూనే ఉంటుంది. ఏడంతస్తులు, మట్లి అనంతరాజు కట్టించింది. పాత ఊరంతా ఈ గుడి చుట్టూ పెరిగిందే, 1130లో రామానుజాచార్యులవారు స్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారని చెబుతారు. ఎండాకాలమైతే ఆరు దాటాకే బయల్దేరండి, అంతకుముందు బండలు కాలుతుంటాయి, చెప్పుల్లేకుండా పిల్లలు నిలబడలేరు.

లోపల స్వామి పడుకుని ఉంటారు, తల కింద కుంచం. ఆ కథ పిల్లలకి గదిలోనే చెప్పేయండి. పెళ్లికని శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి వడ్డీ డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, అన్నగారు గోవిందరాజస్వామి ఆ కుంచాన్నే తలగడ చేసుకుని పడుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. కథ తెలిసిన పిల్లలు క్యూలో విసిగించరు, ఎప్పుడెప్పుడు చూద్దామా అని ఉంటారు.

తర్వాత గుడి చుట్టుపక్కల వీధుల్లో, గాంధీ రోడ్డులో ఊరికే నడవండి, ఏమీ కొనకపోయినా పర్లేదు. ఇత్తడి కుందులు, పసుపు కుంకుమ కుప్పలు, గాజులు, పూల బుట్టలు. పూలమ్మే ఆమె మూర కొలవడం పాపకి చూపించండి, మోచేతి నుంచి వేలి కొస దాకా దండ లాగి, ఆ పైన ఇంకో నాలుగు పూలు కలిపి తెంపుతుంది. నాకిన్నేళ్లొచ్చినా అది చూడటం ఇష్టమే. చీకటి పడ్డాక కొండ వైపు ఎక్కడైనా ఖాళీ దొరికితే తలెత్తి చూడండి, కొండెక్కే మెట్ల దారిలో ఉన్న గాలిగోపురం దగ్గర శంఖం, నామం, చక్రం దీపాలతో వెలుగుతుంటాయి.

జవాబు (నెల్లూరు)

పైనన్న చెప్పింది నిజమే, కానీ ఒక జాగ్రత్త. పోయిన ఏడు మేం ఇలాగే అక్కడ నడుస్తుంటే మా మామయ్య తప్పిపోయారు. ఆయన ఫోన్ గదిలో ఛార్జింగ్‌లో ఉంది. మేం గాజుల కొట్టు దగ్గర ఆగాం, ఆయన చూసుకోకుండా ముందుకి వెళ్లిపోయారు, ఒక్క నిమిషంలో జనంలో కలిసిపోయారు. ముప్పావు గంట టెన్షన్‌తో తిరిగాం, మా అత్తయ్యకి ఏడుపు ఒకటే తక్కువ. చివరికి పెద్ద గోపురం కిందే నిలబడి ఉన్నారు, "ఎటు తిరిగినా మీరు ఇక్కడికే రావాలి కదమ్మా" అన్నారు. గదిలోంచి బయల్దేరేటప్పుడే చెప్పుకోండి, ఎవరు తప్పిపోయినా గోపురం దగ్గరికే రావాలని. లాడ్జి పేరు, మీ నంబరు కాగితం మీద రాసి నాన్నగారి జేబులో, పిల్లల జేబుల్లో పెట్టండి. అంతా ఒకే రకం గుండ్లు, ఒకే రకం పంచెలు ఉన్న జనంలో మనిషిని వెతకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

జవాబు (చిత్తూరు)

నేనైతే కొండ మెట్లు మొదలయ్యే అలిపిరి కూడా చూడమంటాను. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కండి, రేటు ముందే మాట్లాడుకోండి. మెట్లెక్కాల్సిన పనిలేదు, మొదట్లోనే పాదాల మండపం ఉంది. అక్కడ స్వామివారి లోహపు పాదరక్షలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటూ, కర్పూరం వెలిగిస్తూ పైకి పోయే ఆడవాళ్లని చూస్తే నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. మూడున్నర వేల మెట్లమ్మా అవి. కొండ కింది శివుడి గుడి కపిలతీర్థం కూడా ఆ దారిలోదే గానీ రెండూ పెట్టుకోవద్దు, పెద్దాయన అలిసిపోతారు. వానలు పడ్డాక వస్తే మాత్రం కపిలతీర్థమే చూడండి, కొండమీంచి నీళ్లు దూకుతుంటాయి.

మళ్లీ నేనే (విజయనగరం)

అందరికీ నమస్కారం, నిన్ననే ఇంటికి చేరాం. అలిపిరి వెళ్లలేదు, గోవిందరాజస్వామి గుడి దగ్గరే మూడు గంటలు గడిచిపోయాయి. నెల్లూరు చెల్లి చెప్పినట్టు జేబుల్లో కాగితాలు పెట్టాను, అవసరం పడలేదు గానీ ఆ ధైర్యంతోనే నిదానంగా తిరిగాం. నాన్న రెండుసార్లు కూర్చున్నారు, రెండోసారి ఒక మూసిన కొట్టు అరుగు మీద. అక్కడి నుంచి గాలిగోపురం దీపాలు కనిపించాయి. నేను చూపించేలోపే ఆయనే బాబు భుజం పట్టుకుని, పెళ్లి కాకముందు తాతతో ఆ మెట్లెక్కానని, అక్కడికి చేరేసరికి కాళ్లు వణికాయని, తాత మాత్రం ఆగకుండా గోవిందలు కొడుతూనే ఉన్నాడని చెప్పారు. ఈ సంగతి అమ్మకి కూడా తెలీదట. పాప అయితే ఇంటికొచ్చాక నా చున్నీలన్నీ మూరలేసి కొలుస్తోంది.