సమస్య: చీర కట్టని తల్లియే సిరుల తల్లి

మన పద్యాల బృందానికి నిర్వాహకురాలిగా ఈ వారం నేనిస్తున్న సమస్య తేటగీతి పాదం. ఇది నాలుగో పాదం, పై మూడూ మీరు రాస్తే అదే పూరణ.

చీర కట్టని తల్లియే సిరుల తల్లి

ఇది ఏ పుస్తకంలోంచీ తీసింది కాదు. పోయిన వారం గుంటూరులో మా వాళ్లింట్లో ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. చంకలో పదమూడు నెలల పాప, భుజాన సంచి, ఒంటిమీద లేత ఆకుపచ్చ మంగళగిరి నూలు కుర్తా. గుమ్మంలోనే ఒక పెద్దావిడ ఆపి, “అదేంటే, పిల్లతల్లివి, శుభకార్యానికి చీరైనా కట్టుకోకుండా వచ్చావు?” అంది. ప్రేమగానే అంది. అన్నాక పాపని తీసుకుని గంటసేపు ఆడించింది కూడా. నేను మాట్లాడలేదు. తిరుగు బస్సు వారధి దాటేసరికి పాదం నోటికి వచ్చేసింది.

కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. గణం అంటే గురువులు (బరువుగా పలికే అక్షరాలు), లఘువులు (తేలికగా పలికేవి) కలిసిన గుంపు. తేటగీతిలో పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో పొత్తు కుదరాలి. ప్రాస నియమం లేదు. మన పాదంలో చీ–సి యతి. సంప్రదాయం చీరను, సిరిని, తల్లిని ఒక్కచోట కూర్చోబెడుతుంది కదా, చీర లేకుండా ఆ సిరి ఎక్కడినుంచి వస్తుంది అన్నదే ఇక్కడి చిక్కు. పై మూడు పాదాల్లో దాన్ని విప్పాలి.

ఒక్క విన్నపం. పిల్లతల్లి రోజూ ఎలా తయారవుతుందో ఒకసారి చూసి రాయండి. నా సంగతే చెబుతాను. పాప చేతికి అందినదల్లా లాగుతుంది కాబట్టి జుంకాలు పెట్టెలోకి పోయి చెవులకు చిన్న దిద్దులు మిగిలాయి. మెళ్లో గొలుసు సగం రోజు దాని నోట్లోనే నానుతుంది. జడ వేసుకునే తీరిక లేక క్లిప్పు పెట్టేస్తాను. చీర ఎందుకు కట్టట్లేదంటే పిన్నీసుల వల్ల. భుజాన ఒకటి, కుచ్చిళ్ల దగ్గర ఒకటి లేకపోతే నాకు చీర నిలవదు. ఎత్తుకున్నప్పుడు పాప చెంప సరిగ్గా ఆ భుజం పిన్నీసు మీదే ఆనుతుంది. ఒకసారి గీరుకుని సన్నటి ఎర్ర గీత పడింది. ఆ రోజు తీసేసిన పిన్నీసులు మళ్లీ పెట్టుకోలేదు. చీరలు మాత్రం బీరువాలో భద్రంగానే ఉన్నాయి.

పటమట నుంచి ఒక సభ్యురాలి పూరణ

ప్రొద్దు పొడిచెడి వేళకే బువ్వ వండి
బండి ముందర బుడతని పట్టి నిలిపి
చున్ని నడుముకు ముడివేసి చురుకు గేగు
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

నిర్వాహకురాలు: అక్కా, మూడో పాదం నాకు ప్రాణం. చున్నీ గాలికి వదిలేస్తే వెనక చక్రంలో పడుతుందని తెలిసినవాళ్లే ఆ “ముడివేసి” రాయగలరు. బెంజి సర్కిల్ దగ్గర ఎనిమిదిన్నరకి నిలబడితే ఈ పద్యం పదిసార్లు కళ్లముందు నుంచి పోతుంది. గణాలు, యతులు సరిపోయాయి. ప్రొ–బు యతి కూడా చక్కగా కుదిరింది.

బ్రాడీపేట మాస్టారు: అమ్మా, నడక బాగుంది. అయితే “సిరుల తల్లి” అన్న మాటకు పై మూడు పాదాల్లో ఆధారం కనపడలేదు. వంట చేసింది, పిల్లవాణ్ణి బండెక్కించింది, వెళ్లింది. సిరి ఏది? సమస్యలో ఇచ్చిన ప్రతి మాటకూ పూరణలో లెక్క చెప్పాలి.

పటమట సభ్యురాలు: నెల జీతమే సిరి అనుకున్నాను మాస్టారూ. అది నా మనసులోనే ఉండిపోయింది, పద్యంలోకి రాలేదు. ఒప్పుకుంటాను.

బ్రాడీపేట మాస్టారి పూరణ

పండుగకు బిడ్డలకు కొత్త బట్ట తెచ్చి
తనకు మాత్రము పాతదే తగు నటంచు
చిరుగు కుట్టుక మురిసెడి, జిలుగు పట్టు
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

నిర్వాహకురాలు: పనితనం చూడండి. “జిలుగు పట్టు” అన్నది మూడో పాదం చివర పెట్టారు, “చీర” సమస్యలో ఉంది. రెండూ అతుక్కోగానే చీర కట్టని తల్లి కాస్తా పట్టుచీర కట్టని తల్లి అయింది. సమస్యలోని మాటను ముట్టుకోకుండా దాని అర్థాన్ని పై పాదంతో మార్చేయడం అవధానుల పద్ధతి. అవధానంలో నాలుగో పాదం ముందే చేతిలో ఉంటుంది కాబట్టి మూడో పాదం చివరి గణం మీదే వాళ్ల చూపంతా ఉంటుంది. నేర్చుకునేవాళ్లు ఈ కీలును గుర్తుపెట్టుకోండి.

పటమట సభ్యురాలు: మాస్టారూ, చదివితే కళ్లు చెమర్చాయి. మా అమ్మా అంతే. కానీ ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోకండి. చిరుగు కుట్టుకుని మురిసిపోతేనే మంచి తల్లి అనే లెక్క చివరికి మా మీద పడుతుంది. నేను బీసెంట్ రోడ్డులో నాకోసం ఒక కుర్తా కొనుక్కుంటే, “పిల్లాడికేం కొన్నావు?” అనే మొదటి ప్రశ్న వస్తుంది. పిల్లాడికి కొన్న రోజున “నీకేం కొనుక్కున్నావు?” అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బ్రాడీపేట మాస్టారు: తప్పుగా ఎందుకనుకుంటానమ్మా. ఆ పద్యంలో ఉన్నది మా అమ్మ. సంక్రాంతికి మా నలుగురికీ కొత్త బట్టలు కుట్టించేది. తను ట్రంకు పెట్టెలోంచి ఒక గళ్ల నేత చీర తీసి, చిరిగినచోట లోపలివైపు నుంచి గుడ్డ వేసి సన్నగా కుట్టుకునేది. కట్టుకున్నాక ఆ కుట్టు కుచ్చిళ్లలోకి పోయేట్టు సర్దేది, బయటికి కనపడకుండా. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నీ మాట చదివాక తడుతోంది. కనపడకుండా సర్దుకుందంటే ఆవిడకు అది మురిపెం కాదు కదా. “మురిసెడి” అని నేను వేశాను. మురిశావా అని ఆవిణ్ణి నేనెప్పుడూ అడగలేదు.

కాసేపటికి మాస్టారే మళ్లీ రాశారు: మూడో పాదం ఇలా మారుస్తున్నాను.

చిరుగు కుట్టుక కట్టెడి, జిలుగు పట్టు
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

నిర్వాహకురాలు: మురిసెడి నలం (నాలుగు లఘువులు), కట్టెడి భగణం (ఒక గురువు, రెండు లఘువులు), రెండూ ఇంద్రగణాలే కాబట్టి ఛందస్సుకు లోటు లేదు. పైగా చిరుగుది “కట్టెడి”, పట్టుది “కట్టని”, ఇప్పుడు రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. మొదటి పాఠంలో లేని బలం ఇది. ఒక్క మాట మారితే ఆ తల్లి మీద మనం రుద్దిన నవ్వు పోయి, ఆవిడ చేసిన పని మిగిలింది. మాస్టారూ, మీ పెద్దరికానికి నమస్కారం. అక్కా, అడిగినందుకు నీకూ.

సత్యనారాయణపురం నుంచి ఒక కొత్త సభ్యురాలు (ఇదే తొలి పద్యమట)

ఎండ మండెడి బెజవాడ వేసవందు
నూలు కుర్తీ వేసుకుని నూరు పనులు
చేయుచును బిడ్డ నవ్వులో సేద తీరు
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

నిర్వాహకురాలు: తల్లీ, ముందు మంచి మాట. “బిడ్డ నవ్వులో సేద తీరు” చదివి ఇద్దరు ముగ్గురు నాకు విడిగా మెచ్చుకోలు పంపారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది, ఆ ఎండలో వంటింట్లో నిలబడితే తెలుస్తుంది నూలు విలువ. ఇక దోషాలు రెండు.

మొదటి పాదంలో ఎ–వే యతి కుదరదు. చెవికి దగ్గరగా వినపడుతుంది, నిజమే, కానీ మొదటిది అచ్చు, రెండోదాంట్లో వకారం ఉంది. అచ్చుకు వకారంతో మైత్రి లేదు. రెండో పాదంలో “కుర్తీ వే” చూడు. ర్త ముందున్న “కు” గురువు, “ర్తీ” గురువు, “వే” గురువు. మూడు గురువులు వరసగా వస్తే మగణం. ఇంద్రగణాలు నగ, సల, నల, భ, ర, త మాత్రమే. మగణానికి అక్కడ చోటు లేదు. నీ మాటలు వీలైనంత ఉంచి ఇలా సర్దాను.

వేడి సెగలెత్తు బెజవాడ వేసవందు
నూలు కుర్తిని వేసుకు నూరు పనులు
చేయుచును బిడ్డ నవ్వులో సేద తీరు
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

వేలితో లెక్కపెట్టి చూసుకో. వచ్చే వారం నువ్వే నాకు దోషాలు చూపిస్తావు.

కొత్త సభ్యురాలు: థాంక్యూ అక్కా. పాపకి పాలిస్తూ ఒక చేత్తో టైప్ చేశాను, గురువులు లెక్కపెట్టడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. ఇప్పుడు రాసి గోడకి అంటించుకున్నాను.

వన్‌టౌన్ నుంచి

ఇంద్రకీలాద్రిపై నిల్చి యేలు నమ్మ
బాలగా, నన్నపూర్ణగా, వాణిగాను
దసర దినముల వన్నెలు దాల్చు దేవి
చీర కట్టని తల్లియే? సిరుల తల్లి!

నిర్వాహకురాలు: ప్రశ్నార్థకంతో విప్పారు. కాకువు అంటారు దీన్ని, గొంతు మారిస్తే అర్థం తిరగబడుతుంది. దసరాలో కొండ మీద అమ్మవారి అలంకారాల్లో మహాలక్ష్మి కూడా ఉంది కాబట్టి “సిరుల తల్లి”కి లెక్క తప్పలేదు. మాస్టారి పరీక్షలో నెగ్గిన పూరణ. నాకు మిగిలిన కొరత ఒకటే. నేనడిగింది క్యూలో నిలబడ్డ తల్లి గురించి, ఎర్ర బట్టల్లో దీక్షలో ఉండి పిల్లని చంకనేసుకుని మెట్లెక్కే ఆవిడ గురించి. చిక్కు వస్తే అమ్మవారి దగ్గరికి వెళ్లిపోవడం మన పూరణల్లో ఎప్పటినుంచో ఉన్న దారి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఇంట్లో అమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఈ మధ్యలో వచ్చిన ఒక పూరణను తీసేశాను. నైటీ మీద చున్నీ వేసుకుని కూరగాయల బండి దగ్గరికి వచ్చే ఆడవాళ్లను వెక్కిరిస్తూ రాసింది. గణాలన్నీ సరిపోయాయి. అయినా ఉంచను. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషి పొద్దున్నే ఆరు గంటలకి బెండకాయలు ఏరుకుంటోంది, ఆవిడ ఒంటిమీద ఏముందో మనకెందుకు?

మంగళగిరి నుంచి, నేత ఇంటి కోడలు

గుంట మగ్గాన కూర్చుండి కొంగు నేసి
జరి నిజామంచు తీర్చుచు జతన మొప్ప
అమ్మి పాపను చదివించి, యట్టి మేటి
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

నిర్వాహకురాలు: ఇది నేను ఊహించని వైపు నుంచి వచ్చింది. బెజవాడకు 12 కిలోమీటర్ల దూరంలో ఉండి, ఆ చీరలు కట్టుకుని తిరుగుతూ, నేసిన చేతుల ఒంటిమీద ఏముంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. “యట్టి” అన్న ఒక్క మాట పద్యాన్ని కాపాడింది. అది లేకపోతే ఆవిడ చీరే కట్టదన్న అర్థం వచ్చేది. “జతన మొప్ప” మాత్రం పాదం నింపడానికి వేసినట్టుంది.

మంగళగిరి సభ్యురాలు: లేదండీ, ఆ మాట కావాలనే వేశాను. మా చీర ఒళ్లంతా సాదాగా ఉంటుంది, పువ్వూ బుటా ఉండవు, అందమంతా ఆ నిజాం అంచులోనే. అంచులో జరీ పోగు ఒక్కటి తెగినా చూడగానే కళ్లకు కొడుతుంది. అప్పుడు కాళ్లు తొక్కుడుచెక్కల మీద ఆపేసి, ఊపిరి బిగబట్టి, తెగిన కొస వెతికి, వేళ్లతో నలిపి అతకాలి. మా అత్తగారు అది చేసేటప్పుడు ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి పిలవం. దానికి “జతనం” కంటే దగ్గర మాట నాకు దొరకలేదు.

నిర్వాహకురాలు: నా విమర్శ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వివరం తెలిసి చదివితే ఆ పాదంలో తీయదగ్గ మాట లేదు.

ఇంకా నాలుగు పూరణలు వచ్చాయి. రెండింటిలో యతి తప్పింది, వాళ్లకు విడిగా రాశాను. మిగతా రెండూ జీన్సు తొడిగిన తల్లుల మీద, నిర్దోషంగానే ఉన్నాయి, కాకపోతే పటమట పూరణలో ఉన్న చూపు వాటిలో లేదు.

నిర్వాహకురాలి పూరణ

అందరూ రాశాక నేను రాస్తానని మాటిచ్చాను. నిన్న రాత్రి జరిగింది ఇది. మా అత్తగారి చీర కొంగు పట్టుకుని పడుకోవడం పాపకి అలవాటు. ఆవిడ ఊరెళ్లింది. పది గంటలకి పాప నా దగ్గర పడుకుని, కళ్లు మూసుకునే చేత్తో కుర్తా అంతా తడిమింది. ఏదో దొరకలేదు. ఏడుపు అందుకోబోతుంటే కుర్చీ మీదున్న చున్నీ లాగి పక్కన పెట్టాను.

“కొంగు వెదకుచు చిట్టి నా కుర్తి లాగి
చున్ని చెరగును గుప్పిట చుట్టి పండె;
పాప నిద్దురె నాకున్న భాగ్య” మనెడి
చీర కట్టని తల్లియే సిరుల తల్లి

బ్రాడీపేట మాస్టారు: అమ్మాయీ, “భాగ్యం” అన్నావు కనుక సిరికి లెక్క కుదిరింది. నాకు నచ్చింది “చెరగు”. అది చీరకు చెప్పే మాట. చున్నీకి అంచనో కొసనో అనాలి. నువ్వు చెరగు అన్నావు, పాప దాన్ని కొంగే అనుకుంది కనుక. ఆ ఒక్క మాటతో చున్నీ కొంగైపోయింది. దాన్ని మార్చకు. ఇంతకీ గుంటూరులో నిన్ను ఆపిన ఆ పెద్దావిడకు ఈ పద్యం వినిపించు.

నిర్వాహకురాలు: వినిపించాను మాస్టారూ, ఇందాకే ఫోన్లో. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత, “పద్యం బాగుందిగానీ, నిద్రపోయాక ఆ చున్నీ తీసేయవే, మెడకు చుట్టుకుంటుంది” అంది. తీసేశాను అని చెప్పాను. “ఎలా తీశావు, లేవలేదా?” అంది. ఒక్కో వేలు విడదీసి తీశానని చెబితే, తన పిల్లల దగ్గర తనూ కొంగును అలాగే విడిపించుకునేదాన్నని చెప్పింది.