రొమ్ము మొత్తం తీయాలంటున్నారు, గడ్డ వరకే తీస్తే సరిపోదా?

అమ్మకు 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో 2.2 సెం.మీ. గడ్డ, ఒక్కటే. కోర్ బయాప్సీలో (సూదితో ముక్క తీసి చేసే పరీక్ష) ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా (పాల నాళాల్లో మొదలై చుట్టూ పాకిన క్యాన్సర్), గ్రేడ్ 2. ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు) పాజిటివ్. హెర్2 (క్యాన్సర్ కణాలను పెంచే ప్రోటీన్) మాత్రం 2+. అంటే పాజిటివో కాదో ఫిష్ పరీక్ష (హెర్2 జన్యువు కాపీలు లెక్కించేది) చేస్తే తప్ప తేలదు, అది ఇంకా చేయలేదు. అల్ట్రాసౌండ్‌లో చంక గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. మామోగ్రామ్‌లో చెదురుమదురు కాల్షియం చుక్కలూ లేవు. అయినా సర్జన్ రొమ్ముతో పాటు చంక గ్రంథులన్నీ వచ్చే వారమే తీసేద్దామంటున్నారు.

ఇలాంటి కేసుల్లో గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుష్షులో తేడా లేదని రోగులను 20 ఏళ్లు గమనించి 2002లో వెలువరించిన అధ్యయనాల ఫలితాలు తేల్చాయి. మరి ఇక్కడ అడ్డేమిటి? రొమ్ము చిన్నదై ఆకారం చెడుతుందనా, రేడియేషన్‌కు రోజూ రాలేరనా? ఆపరేషన్ చేసేవారిని ఇంకేం అడగాలి?

చంకలో ముందు సెంటినల్ నోడ్ బయాప్సీ (క్యాన్సర్ మొదట చేరే కొద్ది గ్రంథులనే తీసి చూడటం) చేస్తే చాలదా? గ్రంథులన్నీ తీస్తే చెయ్యి వాపు భయం ఎక్కువ కదా.

హైదరాబాద్‌లో గానీ ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ సెకండ్ ఒపీనియన్ తీసుకున్నవాళ్లు చెప్పండి: రిపోర్టులు సరిపోతాయా, లేక పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు), స్లైడ్లు కూడా పట్టుకెళ్లాలా? ఫిష్ ఫలితం వచ్చేదాకా ఆపరేషన్ ఆపడం మేలేనా? హెర్2 పాజిటివ్ అయితే ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చే మార్గం కూడా ఉంటుంది కాబట్టి అడుగుతున్నా.