కాన్సాస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టైటిళ్లు నాలుగా, ఆరా?

లారెన్స్ వాసి:
మొన్న మా తమ్ముడు ఇండియా నుంచి వస్తే మా కాన్సాస్ యూనివర్సిటీ జట్టు ఆడే అలెన్ ఫీల్డ్‌హౌస్‌కి తీసుకెళ్లాను. 1955లో తెరిచిన హాలు, పదిహేను వేల మందికి పైగా పడతారు. పైన వేలాడే జాతీయ చాంపియన్‌షిప్ బ్యానర్లు లెక్కపెట్టి "ఆరు" అన్నాడు. తీరా ఫోన్లో చూస్తే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్లు నాలుగే: 1952, 1988, 2008, 2022. మిగతా రెండూ 1922, 1923వి. ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొదలైందే 1939లో. "మరి ఫైనల్లో ఎవరిని ఓడించారు?" అన్నాడు. నోట మాట రాలేదు. ఆ రెండూ లెక్కలో వేయాలా, వద్దా?

పాత స్కోర్‌బోర్డు:
వేయాలి. టోర్నమెంటు లేకపోతే ఆ కుర్రాళ్లేం చేస్తారు? ఫాగ్ అలెన్ కోచింగ్‌లో 1922లో 16 గెలిచి 2 ఓడారు. మరుసటి ఏడు 17 గెలిచి ఒక్కటే ఓడారు. తర్వాత కెంటకీకి నాలుగు టైటిళ్లు తెచ్చిన కోచ్ అడాల్ఫ్ రప్ ఆ 1923 జట్టులో బెంచీ మీద కూర్చునేవాడు. నార్త్ కరోలినా వాళ్లు కూడా 1924 బ్యానర్ దర్జాగా వేలాడదీసుకున్నారు.

సెయింట్ లూయిస్ శీను:
ఆ టైటిళ్లు ఇచ్చిందెవరో చెప్పరేం? హెల్మ్స్ ఫౌండేషన్. లాస్ ఏంజెలెస్‌లో ఒక బేకరీ యజమాని డబ్బుతో నడిచిన సంస్థ. 1943లో పాత రికార్డులు తిరగేసి ఏ ఏడు ఎవరు చాంపియనో రాసేసింది. ఇరవై ఏళ్ల తర్వాత! 1922లో మా మిస్సోరి యూనివర్సిటీ, కాన్సాస్ రెండూ తమ కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీల లీగులో, సమానంగా నిలిచి టైటిల్ పంచుకున్నాయి. ఇక్కడ తేలనిది లాస్ ఏంజెలెస్‌లో తేలిందా? మన హైదరాబాద్ రంజీ రెండుసార్లు గెలిచింది, 1937–38లో, 1986–87లో. మూడోది ఉందని ఎవరైనా కాగితం పట్టుకొస్తే ఒప్పుకుంటామా?

పాత స్కోర్‌బోర్డు:
శీను గారూ, మిస్సోరి వాళ్ల కడుపుమంట కొత్తేం కాదు. సరే, 1988 చూడండి. కాన్సాస్ ఆ సీజన్లో 11 మ్యాచ్‌లు ఓడింది. అందులో రెండు ఓక్లహోమా చేతిలోనే. ఫైనల్లో మాత్రం అదే ఓక్లహోమాని 83–79తో కొట్టింది. డానీ మానింగ్ 31 పాయింట్లు, 18 రీబౌండ్లు. పదకొండు ఓడిన జట్టు చాంపియన్, ఒక్కటి ఓడిన జట్టు కాదా?

సెయింట్ లూయిస్ శీను:
కాదు. ఫైనల్ అంటే అదే మరి. ఆ రాత్రి ఓక్లహోమా ఎదురుగా నిలబడి ఆడింది, ఓడింది. 1923లో ఎదురుగా ఎవరున్నారు?

గోదారి గోపి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆ హాలు పక్కనే డీబ్రూస్ సెంటర్‌లో బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ 1891లో టైపు చేయించిన రూల్స్ ఉన్నాయి, రెండంటే రెండు కాగితాలు. 2010 వేలంలో కాన్సాస్‌లో చదువుకున్న డేవిడ్ బూత్ 43 లక్షల డాలర్లు పోసి కొన్నాడు. (ఆ నైస్మిత్ పెద్దాయనే కాన్సాస్ మొదటి కోచ్. 55 గెలిచి 60 ఓడాడు. గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కాన్సాస్ కోచ్ ఇప్పటికీ ఆయనొక్కడే!) ఆ రూల్స్‌లో చివరిది, 13వ రూలు చదవండి. ఎక్కువ గోల్స్ వేసినవాళ్లు గెలిచినట్టు. సమానమైతే, కెప్టెన్లు ఒప్పుకుంటే, ఇంకో గోల్ పడేదాకా ఆడొచ్చు. అంటే ఆడి తేల్చుకోమన్నాడు. 1922లో అలా తేల్చుకోలేదు కాబట్టి అది నాకు మింగుడు పడదు. 1923 మీద మాత్రం నాకు పేచీ లేదు.

లారెన్స్ వాసి:
అయితే మా తమ్ముడికి అయిదున్నర అని చెప్పేస్తాను. 1922లో సగం మిస్సోరిది.

సెయింట్ లూయిస్ శీను:
ఆ సగం బ్యానర్ కత్తిరించి మా మిస్సోరి యూనివర్సిటీ ఉన్న కొలంబియా ఊరికి పంపండి. కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా.