అప్‌డేట్: ‘హౌస్’ చూసి అమ్మ తుంటి కీలు మీద వచ్చిన అనుమానం తీరింది

పోయిన నెల అడిగాను కదా, తుంటి మార్పిడి అయిన అమ్మకి నీరసం, కాళ్లు తిమ్మిర్లు, ‘హౌస్’ అనే అమెరికన్ డాక్టర్ల సీరియల్ ఏడో సీజన్‌లో ఆసుపత్రి పెద్ద కడీ వాళ్లమ్మకి అయినట్టు, కీలులోని లోహం అరిగి రక్తంలో కలిసే కోబాల్ట్ విషమేమో అని. ఆపరేషన్ కాగితాలు వెతకమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, అదే పనికొచ్చింది. బీరువాలో చీరల కింద దొరికిన కాగితం మీద స్టిక్కర్ చూసి డాక్టరు గారు కీలులో బంతి సిరామిక్, అది తిరిగే గిన్నె ప్లాస్టిక్, లోహం మీద లోహం రాసుకునే రకం కాదన్నారు. జర్మనీలోని మార్‌బర్గ్‌లో 2012లో డాక్టర్లు ఆ సీరియల్ గుర్తొచ్చి పట్టుకున్న కేసులో, విరిగిన పాత సిరామిక్ ముక్కలు కొత్త లోహపు కీలుని అరగదీశాయి. అమ్మది విరగలేదు, ఎక్స్‌రే బాగుంది.

అసలు సంగతి విటమిన్ బి12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలై మూడు వారాలు, నిన్న మెట్లు తనే దిగింది. చెవి సరిగా వినపడట్లేదని కూడా రాశాను, అది గులిమి.