ఒకే ట్యాబ్లెట్‌పై ఇద్దరం ఆడుకోవడానికి ఏ బోర్డ్ గేమ్‌లు అనువుగా ఉంటాయి?

ప్రశ్న:
నేనూ మా వారూ చాలాకాలంగా రాత్రిపూట బోర్డ్ గేమ్‌లు ఆడుకుంటున్నాం. పెట్టె తెరిచి ముక్కలన్నీ పేర్చడానికీ, ఆట ముగిశాక మళ్లీ సర్దడానికీ పట్టే సమయం ఆటకు పట్టే సమయంతో పోటీపడుతుండడంతో, ఇంట్లో ఉన్న ఒక్క ట్యాబ్లెట్‌పైనే ఆడదామని నిశ్చయించుకున్నాం. మాకు ఇష్టమైనవి టికెట్ టు రైడ్, కటాన్, కార్కసాన్. మొదటిదానితోనే చిక్కు వచ్చింది. ఎవరు ఏ నగరాలను రైలు మార్గాలతో కలపాలో చెప్పే టికెట్లు రహస్యంగా ఉండాలి కాబట్టి, ట్యాబ్లెట్ చేతులు మారిన ప్రతిసారీ ఒకరు గోడవైపు తిరిగి కూర్చోవలసి వస్తోంది. రెండో ట్యాబ్లెట్ కొనడం మంచిదా, ఆటలనే మార్చుకోవడం మంచిదా?

మొదటి జవాబు:
కొనడానికి ముందు మీ మూడు ఆటలలో చేతిలో దాచుకోవలసినది ఏముందో చూడండి. కార్కసాన్‌లో దాచవలసినది ఏమీ లేదు. 72 పలకలలో వంతుకు ఒకటి తీసి, అందరి ఎదుటే అమర్చడమే ఆట కనుక, ట్యాబ్లెట్‌ను ఇద్దరి మధ్య బల్లపై పరిచి హాయిగా ఆడుకోవచ్చు. పైగా చివర్లో పలకలపై ఏర్పడిన పొలాల పాయింట్లు లెక్కించే తలనొప్పిని యంత్రమే భరిస్తుంది. మా ఇంట్లో ఆ లెక్క దగ్గర జరిగినన్ని వాదనలు మరెక్కడా జరగలేదు.

కటాన్ సంగతి వేరు. 1995లో వచ్చిన ఆ ఆట మూలరూపం ముగ్గురు లేదా నలుగురి కోసం ఉద్దేశించినది. మూడో స్థానంలో కంప్యూటర్‌ను కూర్చోబెట్టవచ్చు గానీ, ఆ ఆటకు ప్రాణం ఆటగాళ్ల మధ్య సరుకుల బేరసారాలే. గొర్రెలిస్తాను, ఇటుకలివ్వమని బతిమాలడానికి ఎదుట మనిషి లేకపోతే ఆ మూడో ఆటగాడు ఆటలో అరటిపండుగా మిగిలిపోతాడు.

ఇద్దరి కోసమే పుట్టిన ఆట కావాలంటే, ఉవే రోసెన్‌బెర్గ్ రూపొందించిన ప్యాచ్‌వర్క్ (2014) ప్రయత్నించండి. గుడ్డముక్కలను 9×9 గడుల బోర్డుపై కుట్టుకుంటూ పోవాలి. మిగిలిన ప్రతి ఖాళీ గడికీ చివర 2 పాయింట్లు పోతాయి. కాలాన్ని చూపే బాటలో ఎవరు వెనుకబడి ఉంటే వంతు వారిదే కనుక ఒక్కోసారి ఒకరే వరుసగా రెండు మూడు ఎత్తులు వేస్తారు. వంతు ఎవరిదో గుర్తుపెట్టుకునే పనిని తెరకు వదిలేస్తే ఎంత సుఖమో ఆడితే తెలుస్తుంది.

రెండో జవాబు:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, టికెట్ టు రైడ్‌ను అంత తేలికగా వదులుకోనక్కరలేదు. ఒకరు ట్యాబ్లెట్‌లో, మరొకరు ఫోన్‌లో ఆడవచ్చు. అయితే ఆ ఆట మీ రెండు పరికరాల మధ్య కలిసి ఆడనిస్తుందో లేదో, ఇద్దరూ విడివిడిగా కొనాలో లేదో ముందే చూసుకోండి. ఇద్దరే ఆడేటప్పుడు జంట మార్గాలలో (అవే రెండు నగరాలను పక్కపక్కనే కలిపే రెండు దారులలో) ఒకటి ఎవరైనా తీసుకున్నాక రెండోది మూసివేయాలన్న నియమాన్ని మేము బల్లపై నెలల తరబడి మరిచిపోయి ఆడాం. యంత్రం మొదటి రోజే ఆ తప్పు పట్టుకుంది! కానీ ఎవరి తెరలోకి వారు తలదూర్చి కూర్చోవడం నాకు నచ్చదు కాబట్టి, వారానికి ఒకసారికి మించి అలా ఆడం.

మూడో జవాబు:
పోటీ లేకుండా ఒకే పక్షాన ఆడే ఆటలైతే రహస్యమన్న సమస్యే తలెత్తదు. స్పిరిట్ ఐలండ్‌కు డిజిటల్ రూపం ఉంది. చెరొక ప్రకృతి శక్తి పాత్రను తీసుకుని దీవిని ఆక్రమణదారుల నుంచి కాపాడుకోవాలి. నియమాలు బరువైనవి కాబట్టి మొదటి రెండు ఆటలు ఓడిపోతే నిరుత్సాహపడకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో ట్యాబ్లెట్ ఆలోచన మానుకున్నాం. నిన్న ప్యాచ్‌వర్క్ మూడుసార్లు ఆడాం. బొమ్మ తలకిందులు కాకుండా తెర తిరగడాన్ని ఆపి, ఎదురెదురుగా కాక పక్కపక్కన కూర్చున్నాం. వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే మీటను ఎన్నిసార్లు నొక్కవచ్చన్న విషయంలో మాత్రం ఇంకా రాజీ కుదరలేదు. ఒక్కసారి చాలని నేను, ముక్క పెట్టాక వేలు తీసేవరకూ లెక్కలోకి రాదని ఆయన.